బస్సు మావయ్య కోటు

అది కాకపోవచ్చు కూడా. ముదురు ఆకుపచ్చ కోట్లు ఊరు నిండా ఉంటాయి, మురికి తొందరగా కనబడదని అందరూ ఆ రంగే కొంటారు. బస్సు మలుపు తిరిగేటప్పుడు, మసకబారిన అద్దంలోంచి, అదీ ముందు సీటావిడ తల అడ్డొస్తుండగా చూసినదాన్ని పట్టుకుని ఇది ఫలానా కోటేనని ఎవరైనా చెప్పగలరా? చెప్పగలరు. తను కత్తిరించిన కాలరు తనకు తెలియకుండా పోతుందా. ఆ కాలరు కొసలు సూదిగా ఉండవు, గోరంత గుండ్రంగా తిరిగి ఉంటాయి. సూదిగా ఉంటే గడ్డానికి గుచ్చుకుంటాయని చిన్నప్పటి నుంచీ చెల్లి గోల. దాని గోల అనుకోగానే ఆమె ఆ ఆలోచనను అక్కడికక్కడే తుంచేసి, ఒళ్లోని చేతిసంచిని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

బస్సు అప్పటికే కదిలిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే స్టాపులోని నీటిగుర్రం బొమ్మ వెడల్పాటి వీపు, దాని మీద వేలాడుతున్న కోటు ఖాళీ చేతులు రెండూ కనబడ్డాయి. తర్వాత అవీ లేవు.

ఆ స్టాపులో అందరికంటే ముందు ఒక కంచు నీటిగుర్రం నిలబడి ఉంటుంది. మనిషిలా వెనక కాళ్ల మీద, నెత్తిన చిన్న టోపీ, చంకలో మడిచిన గొడుగు, ముందరి కాలికి ముళ్లు లేని చేతిగడియారం. బస్సు ఇంకా రాలేదేమిటా అన్నట్టు తల వంచి ఆ గడియారాన్నే చూస్తూ ఉంటుంది. వానకు తడుస్తున్నాం, షెడ్డు వెయ్యండి బాబూ అంటే నీటిగుర్రాన్ని నిలబెట్టారని ఆ వీధివాళ్లు కొన్నాళ్లు తిట్టుకున్నారు. తిడుతూ తిడుతూనే దానికి బస్సు మావయ్య అని పేరు పెట్టుకున్నారు. రద్దీగా ఉన్నప్పుడు డ్రైవర్లు తలుపు తీసి, మావయ్యా నువ్వు తర్వాతి బండికి రా అంటారు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు కాని, దారిలో దొరికిన వస్తువులు తెచ్చి దానికి తగిలించడం అలవాటైపోయింది. ఒంటి చేతితొడుగు దాని వేళ్లకు, తాళంచెవుల గుత్తి గొడుగు కొనకు, పసిపిల్ల బూటు టోపీ మీద. పోగొట్టుకున్నవాళ్లు వచ్చి తీసుకుపోతారు. ఎవరూ రానివాటిని శనివారం పొద్దున విగ్రహాన్ని కడగడానికి వచ్చే మనిషి గోతంలో వేసుకుపోతాడు.

కాని కోటు పోగొట్టుకునే వస్తువు కాదు. చలికాలంలో ఒంటి మీది కోటును ఎవరు మర్చిపోతారు? అంటే మర్చిపోలేదు, వేసిపోయింది. రోజూ ఇదే వేళకు ఇదే బస్సులో అక్క వెళ్తుందని దానికి తెలుసు. చూడు, నీ కోటు ఎవరికి సరిపోయిందో అని చెప్పడానికి నీటిగుర్రం భుజాన వేసిపోయింది. లేకపోతే పనిమనిషికి ఇచ్చేసి ఉంటుంది, ఆవిడెవరో పారేసుకుని ఉంటుంది. రెండోదే నిజమై ఉంటుందని తెలుస్తూనే ఉంది, అయినా మనసు మొదటిదాని చుట్టూనే తిరుగుతోంది. అవమానించడానికైనా సరే, పనిగట్టుకుని ఇంత దూరం వచ్చిందంటే తనను తలుచుకున్నట్టే కదా. ఈ సంగతి స్ఫురించగానే ఆమెకు తన మీద తనకే చిరాకు వేసింది. దిగాల్సిన స్టాపు దాటిపోయి, ఒక స్టాపు వెనక్కి నడిచింది.

బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే దుకాణంలో, వెనకగదిలో, ఆమె పని కొలతలు సరిచేయడం. లావైనవాళ్లకు విప్పడం, చిక్కినవాళ్లకు బిగించడం. అక్కడ అందరూ ఆమెను అక్కా అంటారు. తనకంటే పెద్దవాడైన ఇస్త్రీ ఆయన అంటాడు, గుండీలు కుట్టే పిన్ని కూడా, కొంగ మెడలా వంగిన దీపం కింద కూర్చుని, పేరుకు పిన్ని అయి ఉండీ, అక్కా ఆ తెల్లదారం ఇటు పడెయ్ అంటుంది. ఇన్నాళ్లూ ఆ పిలుపు చెవులకు పట్టేది కాదు. ఆ రోజు పొద్దుటి నుంచి ఎవరు పిలిచినా ఉలిక్కిపడి తలెత్తుతోంది.

ఆ దుకాణంలో ఒక పద్ధతి ఉంది. విప్పాల్సిన చోట గుండుసూదిని అడ్డంగా, బిగించాల్సిన చోట నిలువుగా గుచ్చుతారు. కాగితం మీద రాయనక్కర్లేదు, సూదిని చూస్తే చాలు. మధ్యాహ్నం ఆమె చేతికి ఒక నల్ల కోటు వచ్చింది. రెండు పక్కలా సూదులు అడ్డంగా ఉన్నాయి. ఆమె సూదుల్ని చూసింది, వేలితో తాకి మరీ చూసింది, తర్వాత రెండు పక్కలా లోపలికి బిగించి మిషను మీద చకచకా కుట్టేసింది. అంతటితో ఆగి ఉంటే మళ్లీ విప్పుకోవచ్చు. కత్తెర తీసుకుని, లోపల మిగిలిన గుడ్డను అంగుళం కూడా లేకుండా కత్తిరించేసింది.

ముక్కలు ఒళ్లో పడ్డాక ఆమె చేతులు ఆగిపోయాయి. ఇన్నేళ్లలో ఎవరి బట్టలోంచీ లోపలి గుడ్డ కత్తిరించి ఎరగదు. మిగతావాళ్లు అర వేలు వదిలే చోట ఆమె రెండు వేళ్లు వదులుతుంది. మనిషి ఒళ్లు ఒక్కలా ఉండదు, బట్టకు ఆ సంగతి తెలిసి ఉండాలి అంటుంది. నువ్వు కుట్టింది తాతలు తొడిగి మనవలకు ఇచ్చుకోవచ్చని పిన్ని నవ్వేది. ఇప్పుడు ఆ పిన్నే దగ్గరికి వచ్చి, ఒళ్లోని నల్ల ముక్కలు చూసి, వాటిని ఏరి జేబులో వేసుకుంది. కాసేపటికి తన చోటు నుంచే అడిగింది.

"ఒంట్లో బాలేదా అక్కా?"

"బాగానే ఉంది."

"అయితే ఆ బాకా ఊదే ఆయనకి ఏం చెబుతావో ఇప్పట్నించే ఆలోచించుకో. ఊపిరి పీలిస్తే గుండీ తెగుతోందని తెచ్చిచ్చాడు. ఇక ఊపిరే పీల్చొద్దని చెప్పాలి."

సాయంత్రం తిరుగు బస్సులో ఆమె ఆ స్టాపు రాకముందే లేచి నిలబడింది. దిగాక, నీటిగుర్రం వైపు కాకుండా, పక్కనే తాళంచెవులు చేసే ఆయన డబ్బా కొట్టు దగ్గరికి వెళ్లింది. అక్కడ నిలబడితే విగ్రహం నేరుగా కనబడుతుంది. ఊరికే నిలబడితే ఆయన ఏమనుకుంటాడోనని ఇంటి తాళంచెవి తీసి, ఇలాంటిదే ఇంకొకటి చెయ్యమంది. యంత్రం కీచుమంటూ తిరుగుతున్నంతసేపూ చూస్తూ నిలబడింది. కోటు పై గుండీ ఒకటే పెట్టి ఉంది. కింద పొట్ట ఉబ్బెత్తుగా బయటికి వచ్చి ఉంటే కోటు రెండు అంచులూ ఎడంగా వేలాడుతున్నాయి. బస్సు కోసం నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్లలో ఒకావిడ, ఎవరో పాపం పారేసుకున్నారు అంది. రెండో ఆవిడ, పారేసుకోవడమేంటి, ఇంత మంచి కోటు, ఎవరి మీదో కోపంతో పారేసి ఉంటారు అంది. ఆ మాట విని ఆమె గుండెలో ఏదో చల్లబడినట్టయింది, తనకు తెలిసిందే ఇంకొకరు బయటికి అన్నట్టు. తాళంచెవి వేడిగా చేతిలో పెట్టి, నునుపు చూసుకోండమ్మా అన్నాడు ఆయన. ఆమె చూసుకోకుండానే సంచిలో వేసుకుంది.

నాలుగడుగులు వేస్తే కోటును తాకవచ్చు. తాకితే నాదని ఒప్పుకున్నట్టు. నాదని ఒప్పుకుంటే, పారేసిన దాన్ని ఏరుకున్నట్టు. ఆమె రోడ్డు దాటి ఇంటికి నడిచింది.

మర్నాడు వాన పట్టుకుంది. పొద్దున బస్సు అద్దం మీద చేత్తో తుడిచి చూస్తే కోటు రంగు నల్లగా మారి, చేతుల కొసల నుంచి నీళ్లు కారుతున్నాయి. ఆ గుడ్డ తడిస్తే ముడుచుకుంటుంది. లోపలి అస్తరు వేరు, అది ముడుచుకోదు, రెంటికీ లంకె తప్పి అంచుల దగ్గర ఉబ్బుతుంది. దండెం మీద ఆరేస్తే సాగుతుంది, బల్ల మీద పరిచి ఆరబెట్టాలి. ఇలాంటి గుడ్డల సంగతి దానికి ఎప్పుడో చెప్పింది, ఒకసారి కాదు. పని గదిలో ఆమె బాకా ఆయన కోటు పక్కలు విప్పి, అదే రంగు పట్టీ కోసం పాత ముక్కల పెట్టె అంతా వెతికింది. దొరికింది కాని ఒక ఛాయ తక్కువ. చేయి కింద వస్తుంది కాబట్టి తెలియకపోవచ్చు. పట్టీ అతుకుతూ అతుకుతూ కిటికీ వైపు చూసేది. వాన ఆగిందా లేదా అన్నది ఆ కిటికీలోంచి తెలియదు, దాని ఎదురుగా గోడ ఉంది.

సాయంత్రం మళ్లీ దిగింది. మళ్లీ తాళంచెవుల డబ్బా దగ్గరే నిలబడి, ఇంకో చెవి చెయ్యమంది. నిన్నటిది సరిగా పట్టలేదా అని ఆయన నొచ్చుకున్నాడు. బాగానే పట్టిందనీ, ఇంకొకరికి కావాలనీ చెప్పింది. ఈసారి గాలికి కోటు అంచు తిరగబడి లోపలి అస్తరు కనబడింది. పసుపు మీద చిన్న చిన్న నీలం పిట్టలు. అక్కచెల్లెళ్లిద్దరూ చిన్నప్పుడు పడుకున్న గది కిటికీకి ఉండేది ఆ పరదా. అమ్మ ఆ ఇల్లు ఖాళీ చేసినప్పుడు తను తెచ్చుకున్నది అదొక్కటే. తెల్లారగట్ల మెలకువ వస్తే, ఆ పిట్టల్లో ఏది ముందు ఎగురుతుందో అని చెల్లి ఎడమచేతి వేలితో చూపించేది. ఎడమచేత్తో చూపించకు అని తను ఆ వేలిని ముడిచేసేది. సూది కూడా ఎడమచేత్తోనే పట్టేది. కుడిచేత్తో పట్టించాలని చెక్క స్కేలు పెట్టి మణికట్టు మీద చిన్నగా కొట్టిన రోజులున్నాయి. తను మంచికే కొట్టింది.

ఇక అనుమానం లేదు. ఆ కోటే. అనుమానం తీరితే మనసు కుదుటపడాలి కదా, ఇంకా ఎక్కువైంది. ఇంటికి వెళ్లి వంట చేసింది, రెండుసార్లు ఉప్పు వేసింది. కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసే భర్త ఒక ముద్ద తిని, పళ్లెం కాస్త దూరంగా జరిపి, ఏ వస్తువునైనా చూసినట్టే ఆమెను ఒక మూర దూరం నుంచి పరీక్షగా చూశాడు. తర్వాత బల్ల మీది మూడు తాళంచెవుల్ని వేలితో వరసగా పేర్చాడు.

"ఇంటికి ఇన్ని చెవులెందుకు? ఎవరన్నా వస్తున్నారా?"

"ఎవరొస్తారు?"

"అదే నేనూ అడుగుతున్నా." పళ్లెం మళ్లీ దగ్గరికి లాక్కుని, "ఇదిగో, నీకొక సంగతి చెబుదామని ఎన్నాళ్లనుంచో..."

"ఆ ఇంటి సంగతైతే వద్దు."

"విను ముందు."

"వద్దన్నానా. ఆ ఇంటి మాట ఈ ఇంట్లో ఎత్తొద్దని ఎప్పుడో చెప్పాను."

ఆయన ఎత్తలేదు. గ్లాసులో నీళ్లు పోసుకుని కూర అంతా తిన్నాడు, ఉప్పెక్కువైందని కూడా అనలేదు. ఆ ఓర్పు చూస్తే ఆమెకు ఇంకా ఒళ్లు మండింది. తన తప్పేముంది? కోటు ఇచ్చిన రోజు అందరూ ఉన్నారు, మరిది, అంటే చెల్లి భర్త, వాళ్ల అమ్మా నాన్నా, చెల్లి ఆడపడుచు. చెల్లి కోటు తొడుక్కుని అద్దం ముందు తిరుగుతుంటే తను ముచ్చటపడి, లోపల రెండు వేళ్ల గుడ్డ వదిలానే, రేపు కడుపుతో ఉన్నప్పుడు కూడా విప్పుకుని తొడుక్కోవచ్చు అంది. కుట్టుపని చేసేవాళ్లు మాట్లాడే మాటే. చెల్లి తిరగడం ఆపేసింది. గుండీలు ఒక్కొక్కటే విప్పి, కోటును కుర్చీ మీద వేసింది. వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర, మిగతావాళ్లకు వినబడకుండా, నువ్వెప్పుడూ నన్నడక్కుండానే నా కొలతలు తీస్తావక్కా అంది. కోటును మరిదే మడిచి చంకన పెట్టుకున్నాడు. తర్వాత ఆయనే ఫోన్ చేసి, ఆ వారమే డాక్టరు ఇక పిల్లల మీద ఆశ పెట్టుకోవద్దన్నాడనీ, అందుకే అలా అయిందనీ చెప్పాడు. నాకు చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది అంది తను. అందులో తప్పేముంది? రెండు చలికాలాలుగా ఆమె ఆ ఒక్క ప్రశ్ననే తిప్పి తిప్పి అడుక్కుంటోంది, జవాబు ప్రతిసారీ తన వైపే వస్తోంది, అయినా అడగడం ఆగడం లేదు.

శుక్రవారం బాకా ఆయన వచ్చాడు. పెద్ద ఛాతీ, చిన్న చేతులు, నడిచేటప్పుడు కూడా దేనికో తాళం వేస్తున్నట్టు ఉండే మనిషి. జరిగింది జరిగినట్టు చెప్పింది ఆమె. బిగించి, కత్తిరించి, మళ్లీ పట్టీ అతికానని. దాచిపెట్టమని యజమాని చేసిన సైగను చూడనట్టే ఊరుకుంది. ఆయన కోటు తొడుక్కుని అద్దంలో చూసుకున్నాడు.

"పట్టీ తెలుస్తుందా?"

"చెయ్యి దించి ఉంటే తెలీదు. ఎత్తితే తెలుస్తుంది."

"నా పనే చెయ్యి ఎత్తి పట్టుకోవడం కదమ్మా."

ఆయన బాకా లేకుండానే రెండు చేతులూ ఎత్తి, గుండెల నిండా ఊపిరి పీల్చి, బుగ్గలు ఉబ్బించాడు. గుండీ కదల్లేదు. చంకల కింద రెండు పక్కలా ఒక ఛాయ తక్కువ పట్టీలు బయటపడ్డాయి. ఇస్త్రీ ఆయన నవ్వు ఆపుకోవడానికి ఆవిరి వదిలాడు. బాకా ఆయన మటుకు అద్దంలో ఆ పట్టీల్నే చూసుకుంటూ, గాలి ఆడుతోంది, ముందు ఎప్పుడూ ఇంత గాలి ఆడలేదు, ఇలాగే ఉండనివ్వండి అన్నాడు. వెళ్తూ వెళ్తూ, మీరిలా ఒప్పేసుకుంటారని అనుకోలేదు, నేనైతే గుడ్డే అంత అని బుకాయించేవాణ్ణి అన్నాడు. ఆమెకు ఆ మెచ్చుకోలు రుచించలేదు. బట్టకైతే ఒప్పుకోవడం ఎంత తేలికో అనిపించింది, ఎందుకనిపించిందో ఆలోచించదలచుకోలేదు.

ఆ సాయంత్రం కోటును దగ్గరగా చూసి తీరాలని నిశ్చయించుకునే దిగింది. కొత్తదానిలా ఉంటే ఒకసారి కూడా తొడుక్కోలేదని రుజువవుతుంది, అంతటితో మనసు విరిగిపోతుంది, హాయి. కాని విగ్రహం దగ్గర ఇద్దరు అమ్మాయిలు ఫోటోలు తీసుకుంటున్నారు. ఒకమ్మాయి నీటిగుర్రం వెనక నిలబడి, కోటు ఖాళీ చేతుల్లో తన చేతులు దూర్చి, దాని పొట్ట నిమురుతున్నట్టు పెట్టింది. రెండోది పగలబడి నవ్వుతూ, మావయ్యకి నెలలు నిండాయే, కోటు పట్టట్లేదు అంది. ఆమె ఎప్పుడు వాళ్ల దగ్గరికి నడిచిందో తనకే తెలియలేదు.

"తియ్యమ్మా చెయ్యి. కుట్టు పోతుంది."

"మీదా ఆంటీ?"

"కాదు," అంది. "ఎవరిదైతేనేం, కుట్టు పోతుంది."

అమ్మాయి నొచ్చుకుని చేతులు బయటికి తీసింది. బస్సు వచ్చి అందరూ ఎక్కేశాక కూడా ఆమె అక్కడే ఉంది, విగ్రహం వెనకాల, క్యూలో రెండో మనిషిలా. వేలు చాపితే భుజం తగులుతుంది. కాదు అని ఇప్పుడే అందరి ముందూ చెప్పింది కనక ఇక తాకడానికి హక్కు లేదనిపించింది. నీటిగుర్రం ముళ్లు లేని గడియారం చూస్తూనే ఉంది. ఇంటికి వెళ్తే భర్త ఆమె ముఖం చూసి, ఏదో అనబోయి, రేడియో పెట్టాడు.

శనివారం ఆమెకు సగం రోజే పని, ఆలస్యంగా వెళ్లినా అడగరు. అయినా పొద్దున్నే బయల్దేరింది. స్టాపు దగ్గరికి వచ్చేసరికి కడిగే మనిషి నీళ్ల బండి నిలిపి, గొట్టం విప్పుతున్నాడు. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, చేతిలో పొడుగు కుంచె. తాళంచెవుల ఆయన అప్పుడే డబ్బా తెరుస్తూ, మావయ్యకి ఇవాళ తలంటు అన్నాడు. కడిగే మనిషి నవ్వకుండా, గొడుగు కొన నుంచి చేతితొడుగు తీసి గోతంలో వేశాడు. టోపీ మీద నుంచి ఒక బొమ్మ తీసి వేశాడు. తర్వాత కోటు పై గుండీ విప్పి, కాలరు దగ్గర పట్టుకుని లాగాడు. ఇంకా చెమ్మగా ఉన్న గుడ్డ కంచు భుజానికి అతుక్కుని వెంటనే రాలేదు. ఇంకాస్త గట్టిగా లాగాడు.

"అలా లాగొద్దు," అందామె.

ఆయన ఆగి చూశాడు. ఆమె దగ్గరికి వెళ్లి, రెండు భుజాల కిందా చేతులు పెట్టి, పసిబిడ్డ ఒంటి మీది చొక్కా తీసినట్టు మెల్లిగా తీసింది. కోటు బరువుగా ఆమె చేతుల్లోకి జారింది. మోచేతుల దగ్గర నూలు కనబడేంతగా అరిగి ఉంది. జేబు అంచులు మెరుస్తున్నాయి. కొత్తది కాదు. ఒక చలికాలం కాదు, రెండు చలికాలాలూ రోజూ తొడుక్కున్న కోటు.

పనిమనిషి తొడుక్కుని ఉంటుంది, అనుకుంది. వెంటనే, పాత అలవాటు కొద్దీ, వేళ్లు వాటంతట అవే పక్క కుట్టు కోసం వెతికాయి. అక్కడ తన మిషను కుట్టు లేదు. రెండు పక్కలా విప్పి ఉంది. తను వదిలిన రెండు వేళ్ల గుడ్డా చివరి దాకా బయటికి వచ్చేసింది, విప్పిన చోట గుడ్డ ముదురు రంగులో ఒక చారలా ఉంది. చేత్తో కుట్టారు. గోధుమ రంగు దారం, గుడ్డకు కుదరని దారం. కుట్లు పెద్దవీ చిన్నవీ, ఒక దానితో ఒకటి పొసగకుండా, అన్నీ ఒకే వైపు వాలి ఉన్నాయి. ఆమె కోటును తిప్పి చూసింది. వెలుగు కోసం రోడ్డు వైపు తిరిగి మళ్లీ చూసింది. కుడిచేత్తో కుట్టిన కుట్టు అటు వాలదు. ఎడమ నుంచి కుడికి, సూదిని ఎడమచేత్తో పట్టుకుని కుట్టేవాళ్లకే అలా వస్తుంది. పక్కన ఎవరూ లేకుండా కూర్చుని, నాలుక పంటి కింద పెట్టుకుని కుట్టి ఉంటుంది. కింది గుండీలు రెండూ అంచుకు జరిపి ఉన్నాయి. చివరికి అదీ చాలలేదు కాబోలు, ఒకటి తెగిపోయి దారం పోగు మిగిలింది.

డాక్టరు వద్దన్న ఆశ. అంత గుడ్డ కావలసి వచ్చింది. నెలనెలా ఎక్కడ విప్పిందో, ముందు ఒక వేలు, తర్వాత రెండోది, ఆ చారల్లో తెలుస్తోంది. కుడి భుజం మీద, కాలరుకు కొంచెం కింద, వానకు కూడా పోని తెల్లటి మరక ఉంది, అంచులు గట్టిపడిన పాల మరక. ఎడమచెయ్యి పనికి కావాలి కనక బిడ్డను కుడి భుజాన వేసుకుంటుంది. ఆమె ముఖం ఆ మరక దగ్గరికి తీసుకెళ్లింది. వాన వాసన, కంచు వాసన, వాటి కింద ఇంకేదో.

నీకొక సంగతి చెబుదామని ఎన్నాళ్లనుంచో అన్నాడు ఆ రాత్రి భర్త. వద్దంది తను.

"బస్సు సీటు మీద ఉండిపోయిందట అమ్మా," అన్నాడు తాళంచెవుల ఆయన డబ్బాలోంచి. "చంటిపిల్లనీ సంచుల్నీ పట్టుకుని ఎవరో దిగిపోయారట. డ్రైవరే తెచ్చి మావయ్య భుజాన వేశాడు. వస్తారులే అన్నాడు. వాన కదా, పిల్లతో ఎక్కడ వస్తారు."

"మీరు నాకు చెప్పలేదే."

"మీరు అడగలేదుగా. రెండ్రోజులూ తాళంచెవులే చేయించుకున్నారు."

కడిగే మనిషి గోతం నోరు తెరిచి పట్టుకుని ఓపిగ్గా నిలబడి ఉన్నాడు. "మీదేనామ్మా? మీదైతే పట్టుకెళ్లండి. కాకపోతే ఇందులో వెయ్యండి, నాకింకా మూడు బొమ్మలున్నాయి కడగడానికి."

"నాది కాదు," అందామె. "మా చెల్లిది."

అని, ఇంకా ఏదో మిగిలినట్టు, "బాలింత. మర్చిపోయి ఉంటుంది," అంది. పాపో బాబో తనకు తెలియదు. ఆయన ఆ మాట అడగలేదు, తలూపి గోతం కట్టేసి నీళ్లు వదిలాడు. నీటిగుర్రం టోపీ మీద నుంచి మురికినీళ్లు చెంపల మీదుగా కారి, పొట్ట మీద రెండుగా చీలి, పాదాల దగ్గర కలిశాయి.

దుకాణం వైపు వెళ్లే బస్సు వచ్చి ఆగింది. ఆమె ఎక్కలేదు. పిన్నికి ఫోన్ చేసి ఇవాళ రానని చెప్పింది. ఏమైందని పిన్ని కంగారుపడితే, ఏం కాలేదు, మా చెల్లి ఇంటికి వెళ్తున్నానంది. నీకు చెల్లి కూడా ఉందా అక్కా అంది పిన్ని. అవతలి వైపు బస్సు రావడానికి ఇంకా వేళ ఉంది. అక్కడికి వెళ్తే తలుపు తీస్తారో తియ్యరో. తీసినా ఏమంటుందో. పెద్దమ్మ అనిపించుకునే మనిషి ఇన్ని నెలలకు గుమ్మంలోకి వచ్చి, కోటు తెచ్చానంటే నవ్వుతారో ఏడుస్తారో. ఆమె రోడ్డు దాటి, ఎదుటి బెంచీ మీద కూర్చుని, కోటును ఒళ్లో పరుచుకుంది. ఎడమ పక్క కుట్టు కింది కొసన దారం వీడిపోయి, జానెడు మేర నోరు తెరుచుకుని ఉంది.

సంచిలోంచి సూదుల డబ్బీ తీసింది. ఆకుపచ్చ దారం ఉంది, సరిగ్గా ఆ గుడ్డ రంగుదే. దాన్ని పక్కకు పెట్టి, డబ్బీ అడుగున వెతికి గోధుమ రంగు పోగు ఒకటి తీసి సూదికి ఎక్కించింది. వంకర కుట్లన్నీ విప్పి మొదటి నుంచి చక్కగా వేసెయ్యాలని కుడిచేతి వేళ్లు ఒక్క క్షణం వాటి మీదికి పోయాయి. బెంచీ అంచు మీద ఆ చెయ్యి బోర్లించి పెట్టింది. సూదిని ఎడమచేతిలోకి మార్చుకుంది. ఎక్కడ పట్టుకోవాలో ఆ వేళ్లకు తెలియలేదు, మొదటిసారే బొటనవేలికి గుచ్చుకుంది. చెల్లి ఆపిన చోట మొదలుపెట్టి, ఎడమ నుంచి కుడికి, ఒక కుట్టు వేసింది. వంకరగా వచ్చింది, అటువైపే వాలింది. విప్పకుండా, దాని పక్కన ఇంకొకటి వేసింది.